ఫైవ్ ఇచ్చి ఫోర్ తీసుకుంట

నవ్వనని ఒట్టేస్తెనే చెప్త. ఏసిండ్రా? సరే, చాయ్ తాగుకుంట ఇనుండ్రి. పోయిన ఐతారం నన్ను నేనే కొత్తగూడేనికి ట్రాన్స్‌ఫర్ చేసుకోబోయిన! పై ఆఫీసరుకు నా మీద కోపం లేదు, నేను ఎవ్వనితోని కొట్లాడలే, ఒక్క డ్యూటీ నాగా పెట్టలే. నా బొటనవేలు, నా ఫోను, ఒక్క ఇంగ్లీషు ముక్క. ఈ మూడు కలిసి నా సంసారాన్ని లారీ ఎక్కిచ్చెటందుకు తయారైనయి.

నా పిచ్చి మీకు తెల్వంది కాదు. బేస్ గిటార్లు. వాయించుడు నాకు సక్కగ రాదు, ఆ సంగతి ఒప్పుకుంట. నాకు బాగుచేసుడే ఇష్టం. బొగ్గుబాయిల ఫిట్టర్‌ను గదా, స్క్రూ కనపడితే చెయ్యి ఊకోదు. నాలుగేండ్ల కింద చర్చిల వాయించే ఒకాయన పాత బేస్ మూలకు పడేసిండు. మెడ వంగిపోయి, తీగలు మీదికి లేచి, నొక్కితే వేళ్లు కోసుకపోతున్నయి. నాకిస్తవా అంటే తీస్కపో అన్నడు. మెడ లోపల ఒక ఇనుప కడ్డీ ఉంటది. చిన్న తాళం పెట్టి కొద్దికొద్దిగ తిప్పితే మెడ నిలువుగైతది. రోజుకు పావుచుట్టు, రోజుకు పావుచుట్టు, వారం దినాలు తిప్పిన. ఆఖరు రోజు తీగ మీటితే ఎంత కమ్మగ పలికిందో! పంపు బాగుచేస్తె నీళ్లొస్తయి, అంతే. దీన్ని బాగుచేస్తె పాటొస్తది. ఇగ ఆగుతనా?

అప్పటి సంది అదే పని. పాతది తెచ్చుడు, మెడ సక్కజేసుడు, తీగల ఎత్తు గేజ్ పెట్టి కొలుసుడు, సోల్డరింగ్ పెట్టుడు, మంచిగైనంక ఇంకొకనికి ఇచ్చి వాని తాన ఉన్న పాతది తీసుకునుడు. పైసల ముచ్చట లేదు, వస్తువుకు వస్తువే. ఇప్పటికి ఏడు బేసులు మా ఇంటికొచ్చి పోయినయి. మా ఇంటామె స్వరూప వాటిని చుట్టాలంటది. "ఈ చుట్టం ఎప్పుడు పోతది?" అనే అడుగుతది.

చూసినోళ్లందరు అనేది ఒకటే మాట. "గిటారుకు ఆరు తీగలుంటయి గదా ఓదెలూ, నాలుగే ఉన్నయి, రెండు తెగినయా?" అన్నా, బేస్‌కు నాలుగే ఉంటయే అని చెప్పి చెప్పి నా నోరు పోయింది. ఏడాదిన్నర కింద కరీంనగర్ పెండ్లి బ్యాండాయనతోని మార్చుకుంటే అయిదు తీగలది దొరికింది. మొదటిసారి చూసి మా మామ ఏమన్నడో తెలుసా? "నయమే, ఇప్పుడు ఒక్కటే తెగింది."

ఆ అయిదు తీగల దాన్ని మా బేస్ దోస్తులం ఉత్త 'ఫైవ్' అంటం. నాలుగు తీగలదైతే 'ఫోర్'. ఫైవ్‌కు మీద ఒక లావు తీగ ఉంటది. దాన్ని మీటితే అరల మీద గ్లాసులు నడుస్తయి. మోత మస్తుగనే ఉంటది గనీ మెడ ఎడల్పు. నావేమో పొట్టి వేళ్లు. ఆ కొస తీగ అందుకునెటాల్లకు పాట ఒడిసిపోతది. ఇగ ఫైవ్ ఇచ్చి ఫోర్ తీసుకుందామనుకున్న.

ఇక్కడనే తిరకాసు పడ్డది. మన బొగ్గుబాయోళ్లకు 'మ్యూచువల్' అనే మాట నోట్ల ఎట్ల నానిందో మీకు తెలుసు. ఇక్కడోడు అక్కడికి, అక్కడోడు ఇక్కడికి, ఇద్దరిది ఒకటే డిజిగ్నేషన్ ఉండి, ఒప్పుకొని సంతకాలు పెడితే కంపెనీ మార్చుతది. అది అసలు మ్యూచువల్. మనం అంతటితోని ఊకుంటమా? షిఫ్టు మార్చుకున్నా మ్యూచువలే, బండ్లు మార్చుకున్నా మ్యూచువలే, టిఫిన్ల కూర మార్చుకున్నా మ్యూచువలే. మా క్వార్టర్ల లైన్ల ఆడోళ్లు చీరెలు మార్చుకొని గూడ మ్యూచువల్ అంటరు.

నా ఫోన్ల రెండు గ్రూపులు పక్కపక్కన్నే ఉంటయి. ఒకటి 'బేస్ దోస్తులు'. ఇంకోటి 'మ్యూచువల్ - అన్ని ఏరియాలు'. ఆ రెండో దాంట్ల నన్ను ఎవలు ఏసిండ్రో, ఎందుకేసిండ్రో నాకే తెల్వదు. మార్నింగ్ షిఫ్టు ఒడిసినంక పైకొచ్చి, లాంపు అప్పజెప్పి, ఫోను చేతిల పట్టుకున్న. వేళ్లకు గ్రీజు. గబగబ కొట్టిన:

"నాది ఫైవ్. ఫోర్ కావాలె. మ్యూచువల్‌కు తయారుంటే ఫోన్ చెయ్యుండ్రి. జెన్యూన్ ఉన్నోళ్లే చెయ్యాలె. ఓదెలు, గోదావరిఖని."

పంపిన. ఏ గ్రూపుల పడ్డదో మీకు అర్థమైంది గదా. నాకు కాలే. ఇంకో సంగతి. నేను పనిచేసేది ఏ బాయి? అయిదో బాయి! అందరు దాన్ని ఏమంటరు? ఫైవ్!

చెప్తున్న గదా, నవ్వకుండ్రి. ఇంకా అయిపోలే.

పొద్దుమీకి ఫోనొచ్చింది.

"సలాం అన్నా. ఖాజా మాట్లాడుతున్న, కొత్తగూడెం నుంచి. మీ మెసేజ్ చూసిన. నాది ఫోర్ అన్నా. ఫైవ్ కావాలె."

నా పాణం లేసొచ్చింది. "మంచిది భాయ్! నేను గూడ ఫోర్ కోసమే చూస్తున్న."

"జెన్యూనేనా అన్నా? ఇప్పటికి ఇద్దరు మాటిచ్చి ఆఖరుకు ఎనుకకు పోయిండ్రు. మనసు ఇరిగిపోయింది."

"నేను అసొంటోన్ని కాదు భాయ్. ఓదెలు మాటిస్తె మాటే."

"మీ డిజిగ్నేషన్ ఏంది అన్నా?"

"ఫిట్టర్."

"యా అల్లా! నేను గూడ ఫిట్టర్‌నే!"

ఆయన అట్ల ఎగిరి గంతేసెటాల్లకు నాకు ఆయన మీద ఎంత ప్రేమ కలిగిందో! ఫిట్టర్ బాధ ఫిట్టర్‌కే ఎరుక, బేస్ సెటప్ చేసే ఫిట్టర్ ఇంకోడు ఉన్నడన్న మాట అనుకున్న. ఇగ మొదలువెట్టిన నా ప్రశ్నలు. వస్తువు చూడకుండ మార్చుకునేటప్పుడు అన్ని అడగాలె గదా.

తీగ మెడకు ఎంత ఎత్తున ఉంటదో దాన్ని యాక్షన్ అంటరు. తక్కువుంటే వేళ్లకు సుఖం. "భాయ్, మీ తాన యాక్షన్ ఎట్లున్నది? నాకు తక్కువుండాలె" అన్న.

"చానా తక్కువన్నా. మూడేండ్ల సంది యాక్షన్ అన్న మాటే లేదు."

మూడేండ్లు ముట్టకపోయినా మెడ కదల్లేదంటే ఎంత మంచి కట్టెనో అనుకున్న. ఆయన చెప్పింది ఆఫీసర్లు ఎవ్వని మీద యాక్షన్ తీసుకోలేదని!

తర్వాత పికప్. అంటే తీగ మోతను పట్టుకునే అయస్కాంతం. "పికప్‌లు ఎన్నున్నయి భాయ్?"

"రెండున్నయన్నా. ముందటిది ఒక్కోసారి రాదు. ఎనుకటిది నమ్మొచ్చు."

ముందటిది నేను సోల్డరింగ్ పెట్టుకుంట తియ్యి అనుకున్న. ఆయనేమో డ్యూటీకి ఎక్కిచ్చుకపోయే కంపెనీ బస్సుల గురించి చెప్తున్నడు.

"ఎన్నింటి దాక ఉన్నది? ఇరవయ్యా, ఇరవై నాలుగా?" ఇది మెడ మీద అడ్డం ఉండే ఇనుప పట్టీల లెక్క.

"ఇరవై ఒకటో లెవెల్ దాక పోయిందన్నా."

బాయి లోపలి తొవ్వలకు లెవెల్ అంటం మనం. అది రోజు నా నోట్ల ఉండే మాటనే! అయినా నా బుర్రకు ఎక్కలే. పట్టీలను కొత్తగూడెం దిక్కు లెవెల్స్ అంటరేమో అనుకున్న.

అన్నిటికంటే ఘోరం ఇంకోటుంది. మెడ మీద కొన్ని చోట్ల నొక్కితే మోత చచ్చిపోతది. దాన్ని డెడ్ స్పాట్ అంటరు. నేను మామూలుగ అడిగిన, "డెడ్ ఏమన్న ఉన్నయా భాయ్?" అని.

ఆయన గొంతు తగ్గిచ్చి, "అట్ల అడుగుతరా అన్నా... అల్లా దయవల్ల నా డ్యూటీల ఒక్కటి గూడ కాలే" అన్నడు.

ఎంత భక్తి! బేస్ గురించి దేవుని పేరు తీసుకొని మాట్లాడే మనిషిని అప్పుడే మొదటిసారి ఇన్న. నాకు కండ్లల్ల నీళ్లొక్కటే తక్కువ.

ఇట్ల వారం దినాలు మాట్లాడుకున్నం. "ఫైవ్ నాకు కొత్త కాదన్నా, అప్రెంటీస్ అండ్లనే చేసిన" అన్నడు ఒకరోజు. ఫైవ్ మీదనే నేర్చుకున్నడట, ఫోటోలు గూడ అక్కెర లేదట! పేరు, ఎంప్లాయ్ నంబరు పంపుమంటే పంపిన. నమ్మకం కోసం అడిగిండనుకున్న. ఈ కాలంల మోసాలు ఎక్కువైనయి గదా, జాగ్రత్త ఉన్నోడు అని మెచ్చుకున్న గూడ. వారం దినాలల్ల నేను ఒక్కసారన్న గిటార్ అనలే, ఆయన ఒక్కసారన్న బాయి అనలే. ఇప్పుడు తలుసుకుంటే నాకే నమ్మబుద్ధి కాదు.

శనివారం ఫోన్ చేసి, "అన్నా, రేపు పెద్దపల్లి నుంచి మా ఇంటామెను గూడ తీసుకొస్త. ఆమె ఒకసారి చూస్తనంటున్నది" అన్నడు.

ఫోన్ పెట్టేసి స్వరూప మీద పడ్డ. "చూసినవా? ఆడిదంటే అట్లుండాలె! మొగడు బేస్ తీసుకుంటున్నడని పెద్దపల్లి నుంచి చూడనీకి వస్తున్నదట. నువ్వున్నవు, ఏనాడన్న ఒక్క తీగ ముట్టినవా?"

"పాపం, ఆమెకు ఏం కష్టమొచ్చిందో" అన్నది స్వరూప.

ఐతారం పొద్దుగాల్నే లేసి ఫైవ్‌ను నూనె గుడ్డతోని తుడిసిన. మెడ నున్నగ మెరుస్తున్నది. ఖాజా భాయ్‌కు ఒక పాత తీగల సెట్టు గూడ ఊకెనే ఇద్దామనిపిచ్చింది. పాత తీగలు మసి పట్టి మోత మందమైతది. నీళ్లల్ల పది నిమిషాలు మరగబెడితే మసి ఇడిసి మళ్ల కొత్తవాటి లెక్క అయితయి. ఇది బేసోళ్లందరికి తెల్సిన ఉపాయమే. కాకపోతే స్వరూప పాలగిన్నెల మరగబెట్టుడు నా సొంత ఉపాయం. ఆమె చూడకముందే తీసేద్దామని మూతపెట్టి, మంట చిన్నగ చేసిన.

అగో, అప్పుడే తలుపు కొట్టిండ్రు.

ఖాజా భాయ్ సన్నగ, ఇస్త్రీ అంగీల, చంకల ఒక ఫైలు. వచ్చుడు వచ్చుడే నన్ను గట్టిగ అలుముకున్నడు. ఆయన ఎనుక నస్రీన్ అక్క, చేతిల డబల్ కా మీఠా డబ్బ. నాకు ఒకటే కొట్టింది. ఇద్దరి చేతుల్ల బేస్ లేదు. బయట ఆటోల పెట్టిండ్రు కావచ్చు అనుకున్న.

నస్రీన్ అక్క కూసోలే. గోడలు చూసింది, పైన కప్పు చూసింది, ఉరుస్తదేమోనని మూలల చూసింది. కిటికి తాన నిలబడి జానతోని ఎడల్పు కొలిసింది. "భాభీ, వంటిల్లు జర చూడొచ్చా?" అన్నది. స్వరూప నా దిక్కు చూసింది. నేను నవ్వుకుంట తలూపిన. కొత్తగూడెపోళ్ల పద్ధతి అట్లుంటదేమో, నాకేం దెల్సు!

వాళ్లు లోపలికి పోంగనే ఖాజా భాయ్ ఫైల్లకెల్లి కాగితం తీసి, పెన్ను నా చేతిల పెట్టిండు. "అన్నా, ఇక్కడ ఒక సంతకం."

"సంతకం ఎందుకు భాయ్, మన మధ్యల నోటి మాట చాలదా?"

"కాగితం మీద ఉండాలె గదన్నా. లేకపోతే ఎవ్వరు ఒప్పుకోరు."

ఎంత పద్ధతైన మనిషి అనుకొని, పెన్ను మూత తీసిన. ఒట్టు, ముక్క చదవలే. ఇంతల వంటింట్లకెల్లి నస్రీన్ అక్క కేక.

"యా అల్లా! భాభీ, ఈ గిన్నెల ఏందివి?"

"ఏదీ?" అని స్వరూప. మూత చప్పుడు. తర్వాత స్వరూప గొంతు, మెల్లగ, పండ్లు కొరుక్కుంట. "అది... మా ఆయన వండుతున్న కూర."

దొరికిపోయిన. పెన్ను పక్కకు పెట్టేసి, "ముందుగాల మీరు ఒకసారి చూసుకోవాలె భాయ్, తర్వాత సంతకం. నేను దాపరికం మనిషిని కాదు" అని ఫైవ్ తీసిన. అంప్లిఫయరుకు వైరు పెట్టిన. భాయ్ అంత దూరం నుంచి వచ్చిండు గదా అని మోత జర ఎక్కువనే పెంచిన. కండ్లు మూసుకొని ఆ లావు తీగను ఒక్కటి మీటిన.

ధూంంం!

కిటికి రెక్కలు కొట్టుకున్నయి. వంటింట్ల పళ్లెం ఒకటి కింద పడ్డది. నస్రీన్ అక్క ఉరికొచ్చింది. ఖాజా భాయ్ కుర్చీలకెల్లి లేసి, "ఓపెన్‌కాస్టు బ్లాస్టింగా అన్నా? ఈ టైముల చేస్తరా ఇక్కడ?" అన్నడు.

"బ్లాస్టింగ్ కాదు భాయ్! ఇదే ఫైవ్!"

"ఏది ఫైవ్?"

"ఇదే! లెక్కపెట్టుకో, అయిదు తీగలు. నీ ఫోర్ తే మరి. ఆటోల ఉన్నదా?"

ఖాజా భాయ్ నన్ను, నా చేతిల ఉన్నదాన్ని, మళ్ల నన్ను చూసిండు. మెల్లగ అడిగిండు.

"అన్నా... నాలుగో బాయి ఆటోల ఎట్లొస్తది?"

స్వరూప టేబుల్ మీది కాగితం అందుకొని పెద్దగ చదివింది. "మ్యూచువల్ బదిలీ కొరకు దరఖాస్తు. ఓదెలు, ఫిట్టర్, అయిదో బాయి, గోదావరిఖని నుండి నాలుగో బాయి, కొత్తగూడెమునకు..." చదువుడు ఆపి నన్ను చూసింది. "నాకొక్క మాట చెప్పకుండ కొత్తగూడెం పోతున్నవా నువ్వు? పాలగిన్నెల తీగలు వండుకుంట?"

"నేనెక్కడ పోతున్ననే! బేస్ పోతున్నది!"

"ఇండ్ల నీ పేరే ఉన్నది!"

ఫోన్ తీసి చూసుకున్న. 'మ్యూచువల్ - అన్ని ఏరియాలు'. అప్పుడు ఎరుకైంది. యాక్షన్, పికప్, లెవెల్, ఆ దేవుని పేరు తీసుడు, మా క్వార్టరు తమకొస్తదని అక్క కిటికి కొలుసుడు, అన్ని ఒక్కసారే ఎరుకైనయి. నేను చెప్తుంటే ఖాజా భాయ్ ముందుగాల నవ్విండు. నేను గూడ నవ్విన. తర్వాత ఆయన నవ్వుడు ఆపిండు.

"క్యా బోల్‌రైఁ ఇనో?" అని నస్రీన్ అక్క ఆయనను అడిగింది, ఈయన ఏమంటున్నడని. ఆయన తల దించుకొని రెండు మాటలల్ల చెప్పిండు. ఆమె అక్కడ్నే కుర్చీ అంచుకు కూసున్నది.

ఆమె ఇక్కడికి దగ్గర్నే, పెద్దపల్లి తాన ఒక ఊర్ల సర్కారు బడి టీచరు. ఆయన కొత్తగూడెంల. పెండ్లై ఆరేండ్లు. నాలుగేండ్ల బిడ్డ తండ్రిని 'ఐతారం అబ్బా' అని పిలుస్తదట. వేరే దినాలల్ల ఫోన్ చేస్తె, ఇయ్యాల ఐతారం కాదు గదా అంటదట. "నిన్ననే చెప్పిన భాయ్ దానికి, ఇగ రోజు అబ్బా వస్తడని" అన్నది నస్రీన్ అక్క. ఆమె ఏడ్వలే. ఏడ్చినా బాగుండు.

నాకు సిగ్గైంది. మనసారా సిగ్గైంది. నలుబై ఏండ్లొచ్చినయి, గ్రీజు చేతులతోని ఒక మెసేజు కొట్టి ఒక ఇల్లు ఆశపడేటట్టు చేసిన. ఖాజా భాయేమో, "పోనియ్యన్నా, తప్పు నాది గూడ ఉన్నది. ఒక్కసారన్న బాయి పేరు అడగాల్సింది" అంటున్నడు. తిట్టినా బాగుండు అనిపిచ్చింది. ఒక్క నిమిషమైతే నేనే పోదునా అనుకున్న, నిజం. స్వరూప దిక్కు చూసిన. నేను నోరు తెరువకముందే ఆమె తల అడ్డం ఊపింది.

అప్పుడు తలుపు దబదబ కొట్టిండ్రు.

పక్క క్వార్టరు వెంకటేశ్వర్లన్న. ఆయన గూడ మా బాయిల్నే ఫిట్టర్, ఆ వారం నైట్ షిఫ్టు. లుంగి మీదున్నడు, కండ్లు ఎర్రగున్నయి, రెండు చెవులల్ల దూది ఉన్నది. "తమ్ముడూ! డ్యూటీ దిగొచ్చి పండుకొని ఇరవై నిమిషాలు కాలేదు! నువ్వు మనిషివేనా?" అనుకుంటనే లోపలికొచ్చి, కొత్తోళ్లను చూసి ఆగిపోయిండు.

"ఏమనుకోకన్నా, పొరపాటైంది. ఈ భాయ్ కొత్తగూడెం నుంచి మ్యూచువల్ కోసం వచ్చిండు, మా ఆయన బేస్ అనుకున్నడు" అన్నది స్వరూప.

అన్న ఒక చెవిలకెల్లి దూది తీసిండు. "ఏమన్నవు చెల్లె? మళ్లొకసారి చెప్పు."

"కొత్తగూడెం, నాలుగో బాయి. ఈయనకు ఇక్కడ ఫైవ్‌ల ఫిట్టర్ కావాలెనట."

అన్న రెండో చెవిల దూది గూడ తీసిండు. "కాగితం ఇటియ్యి."

"అన్నా, కూసో. ఇది చిన్న ముచ్చట కాదు, పిల్లల చదువులున్నయి, వదినెను గూడ అడగాలె..." అంటున్న నేను. గోడ అవుతలికెల్లి రమణ వదినె గొంతొచ్చింది. "ఏమయ్యో! సంతకం పెట్టినవా లేదా?"

మన క్వార్టర్ల గోడలు మీకు తెల్సినయే గదా.

ఖాజా భాయ్ ఫైల్ల ఖాళీ దరఖాస్తు ఇంకోటి ఉండె. ఆయనే నింపిండు. వెంకటేశ్వర్లన్న నిలబడే సంతకం పెట్టిండు. అప్పుడు ఏడ్చింది నస్రీన్ అక్క. ఏడ్చుకుంటనే డబ్బ తెరిసి అందరికి డబల్ కా మీఠా పెట్టింది. అన్న మూడుసార్లు పెట్టిచ్చుకున్నడు. నాకు సంతోషం ఆగుతలేదు. వెంకటేశ్వర్లన్న సొంతూరు కొత్తగూడెం పక్కన్నే. పుట్టిన ఊరంటే మనిషికి ఎంత పాణమో చూడు అని, ఆయన చేతులు పట్టుకొని నేను గూడ రెండు చుక్కలు రాల్చిన.

ఇక్కడికి ఆపితే బాగుండు. నేను మంచోన్నే అనిపిచ్చుకొని లేసిపోదును.

నిన్న, బేస్తారం. షిఫ్టు ఒడిసి పైకొచ్చిన్నో లేదో ఆఫీసుకు రమ్మన్నరు. "నీ పేరు మీద ఒక కాగితం ఉన్నది" అన్నడు గుమాస్తా. చార్జిషీటేమో అనుకున్న. కాదు, వెంకటేశ్వర్లన్న దరఖాస్తు.

"ఇండ్ల రాసిన ఓదెలు నువ్వేనా? నువ్వే అని ఒక సంతకం పెట్టు, ఫైలు ముందటికి పోతది."

"నా పేరు అండ్ల ఎందుకున్నది సారూ?"

ఆయన కాగితం నా దిక్కు తిప్పిండు. 'బదిలీ కోరుటకు కారణము' అని ఉన్నది. నేను సొంతూరు, ముసలి తల్లి, పొలం, ఇసొంటివి ఉంటయనుకున్న. అండ్ల రెండే మాటలున్నయి. 'పక్కింటి ఓదెలు.'

దానికి ఇంకో కాగితం పిన్ను కొట్టిండ్రు. 'పై కారణము వాస్తవమేనని, మేము గూడ ఇనుచున్నామని ఇందుమూలముగా తెలియజేయునది.' కింద మా లైనోళ్ల సంతకాలు, మొత్తం పదకొండు. మామూలుగ ఇసొంటి ఫైలు ఒక టేబుల్ మీదికెల్లి ఇంకో టేబుల్ మీదికి పోవాలంటే నెలలు పడుతది. దీని మీద ఆఫీసరు అప్పుడే ఎర్ర సిరాతోని రాసిండు, 'జెన్యూన్ కేసు' అని.

సంతకాలు ఒక్కొక్కటి చదివిన. తొమ్మిదోది చూసి ఆగిపోయిన. గుండ్రంగ, సక్కగ, తారీకు గూడ ఏసి ఉన్నది. స్వరూప.

ఇంటికి పోయిన. ఆమె బట్టలు మడత పెడుతున్నది. "నువ్వు గూడనా?" అన్న.

తల గూడ ఎత్తలే. "వెంకటేశ్వర్లన్న సంతకానికొచ్చినప్పుడు, నేను గూడ ఒకటి అడిగిన."

"ఏమడిగినవు?"

"మా ఆయనను ఇచ్చి ఇంకొకాయనను తీసుకునే మ్యూచువల్ ఏమన్న ఉన్నదా అని."

"...ఏమన్నడు?"

"డిజిగ్నేషన్ కలువాలెనట గదా. నీ అసొంటోడు కంపెనీ మొత్తంల ఇంకోడు లేడట."